వెన్నుపాము దెబ్బతిన్నవారికి బతుకు నేర్పవలసింది ఎవరు?

మన రాయలసీమ జిల్లాల్లో మనుషుల వెన్ను విరిగే దారులు కొత్తవేమీ కావు. ఎండలు ముదరకముందే చింతకాయ దులపడానికి చెట్టెక్కిన మనిషి కొమ్మ విరిగి కింద పడతాడు. పాతబావిలో పూడిక తీయడానికి దిగినవాడి మీద మట్టిపెళ్ల కూలుతుంది. తాడిపత్రి వైపు, బేతంచెర్ల వైపు గనుల్లో బండ జారి నడుము మీద పడుతుంది. బెంగుళూరుకు బేల్దారి పనికి వెళ్లిన కుర్రవాడు సారువ మీద నుంచి జారతాడు. 44వ నంబరు జాతీయ రహదారి మీద చీకట్లో ఆగి ఉన్న లారీని మోటారు సైకిలు వెనుక నుంచి గుద్దుకుంటుంది. వీరిలో బతికి బయటపడినవారు కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి, వెన్నులో కడ్డీలూ స్క్రూలూ వేయించుకుని, మూత్రపు గొట్టంతో, చేతిలో ఒక డిశ్చార్జి కాగితంతో ఇంటికి వస్తారు. ఆ కాగితంలో మందుల పేర్లు ఉంటాయి, మళ్లీ రావలసిన తేదీ ఉంటుంది. మరునాటి ఉదయం కళ్లు తెరిచినప్పటి నుంచి ఆ మనిషి ఎలా బతకాలో మాత్రం అందులో ఉండదు.

ఆ సంగతి నేర్పగలిగినవారు, అదే దెబ్బ తిని, అదే చక్రాల కుర్చీలో ఏళ్లు గడిపి, పని చేసుకుంటూ, పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ వెళ్లివస్తూ ఉన్న మరొక మనిషి మాత్రమేనని నేను నమ్ముతున్నాను. అటువంటివారికి ప్రభుత్వం శిక్షణ ఇచ్చి, నెల జీతమిచ్చి, ప్రతి జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలోనూ నియమించాలి. దీన్ని దయ కిందనో, వికలాంగులకు ఉపాధి కల్పన కిందనో జమకట్టకూడదు. ఇది వైద్యంలో భాగం, ఆపరేషన్ ఎంత అవసరమో అంత అవసరమైన భాగం.

మా అన్న కూడేరు మండలంలోని మా ఊళ్లో చింతచెట్టు మీద నుంచి పడ్డాడు. వీపు కింది భాగంలో వెన్నుపూస నలిగి, నాభి నుంచి కిందికి స్పర్శ, కదలిక రెండూ పోయాయి. పక్క పొలాలవాళ్లు ప్రాణం కాపాడాలన్న ఆత్రంతో చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటోలో వేశారు. వెన్నుకు దెబ్బ తగిలిందని అనుమానం ఉన్న మనిషిని 108 వచ్చేదాకా కదపకూడదనీ, కదపక తప్పకపోతే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురూ కలిసి బల్ల మీదకు జరపాలనీ ఊళ్లో ఎవరికీ ఎవరూ చెప్పి ఉండలేదు. ఈ ఒక్క సంగతి ప్రతి ఊరి రచ్చకట్ట దగ్గరా గోడ మీద రాసి పెట్టదగినది.

ఆపరేషన్ చేసిన వైద్యులు తమ పని చక్కగా చేశారు. వారి మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. ఇంటికి వచ్చాక పడసాలలో మంచం వేశాం. చుట్టాలు వచ్చి, మంచం పక్కన కూర్చుని, కన్నీళ్లు పెట్టుకుని వెళ్లేవారు. అమ్మ రోజూ కాళ్లకు వేడి నూనె మర్దన చేసేది. వదిన గొట్టం సంచి ఖాళీ చేసేది, బట్టలు మార్చేది. అన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. కొన్ని వారాలకే నడుము చివరి ఎముక (త్రికాస్థి) దగ్గర చర్మం నల్లబడి, పొక్కి, వేలు దూరేటంత పుండైంది. ఆ ఇంట్లో ప్రేమకు గాని సేవకు గాని కొరత లేదు. ఏం చేయాలో తెలిసిన మనిషి లేకపోవడమే కొరత.

ఈ దెబ్బ అసలు ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూసేవారందరూ కాళ్ల గురించే ఆలోచిస్తారు. నడక పోవడం కళ్లకు కనిపిస్తుంది. మనిషిని మంచానికి కట్టివేసేవి, కొన్నిసార్లు ప్రాణం తీసేవి మాత్రం మూత్రాశయం, పేగు, చర్మం. వెన్నుపాము తెగినా నలిగినా మెదడు నుంచి వచ్చే కబురు కిందికి అందదు, కింది నుంచి వెళ్లే కబురు పైకి అందదు. మూత్రాశయం నిండిన సంగతి మనిషికి తెలియదు, తెలిసినా తనంతట తాను ఖాళీ చేయలేడు. నిండిన మూత్రం వెనక్కి మూత్రపిండాల మీద ఒత్తిడి తెస్తుంది, నిలవ ఉన్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఒకప్పుడు ఈ దెబ్బ తిన్నవారు ఎక్కువగా చనిపోయింది మూత్రపిండాలు పాడై, పుండ్లు చీము పట్టి. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే మూత్రవ్యాధుల వైద్యుడు, శుభ్రంగా కడుక్కున్న చేతులతో, శుభ్రమైన సన్నని గొట్టంతో రోగి తనే కొన్ని గంటలకొకసారి మూత్రం తీసుకుని గొట్టం బయటికి తీసివేయవచ్చని చూపించాడు. అంతకుముందు ఆపరేషన్ గదిలో పాటించేంత నిష్ఠ లేకుండా గొట్టం వేయకూడదని వైద్యులు భావించేవారు. చేతులు పనిచేసే మనిషికి నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి, ఒక్కో విడతకు అర లీటరు దాటకుండా తీసుకునే ఈ పద్ధతే నేటికీ మేలైనది. సంచి తగిలించుకుని తిరగవలసిన అవసరం పోతుంది, ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి. నేర్చుకోవడానికి కావలసింది కొద్ది రోజుల ఓర్పు, నేర్పే మనిషి.

చర్మం సంగతీ అంతే. మామూలు మనిషి నిద్రలో కూడా పక్కకు ఒత్తిగిలుతూ ఉంటాడు, కూర్చున్నప్పుడు తనకు తెలియకుండానే కదులుతూ ఉంటాడు. స్పర్శ లేని మనిషికి కదలమని చెప్పే నొప్పి ఉండదు. ఎముక పొడుచుకుని ఉండే త్రికాస్థి, పిర్రల కింద, తుంటి పక్కన, మడమల దగ్గర రక్తం ఆడక కండ లోపలి నుంచే చచ్చిపోతుంది. పైకి కనిపించేది చిన్న మచ్చ, లోపల పెద్ద గుంట. అందుకే మంచం మీద రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, కుర్చీలో ప్రతి పావుగంట, అరగంటకొకసారి ముందుకో పక్కకో వంగి ఒకటి రెండు నిమిషాలు బరువు తప్పించాలి, పొద్దునా రాత్రీ చేతి అద్దంతో చర్మం చూసుకోవాలి. మెడ దగ్గరా ఛాతీ పైభాగంలోనూ దెబ్బ తగిలినవారికి మరొక ప్రమాదం ఉంది. మూత్రాశయం నిండినా, మలం గట్టిపడి నిలిచినా, రక్తపోటు ఉన్నట్టుండి ప్రమాదకరంగా పెరిగి, తల పగిలిపోతున్నట్లు నొప్పి వచ్చి, ముఖం ఎర్రబడి చెమటలు పడతాయి. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం మడతపడిందేమో చూసి మూత్రం తీయాలి. సంగతి తెలియని చోట దీన్ని మామూలు తలనొప్పి అనుకుని పడుకోబెడతారు. అలా పడుకోబెడితే రక్తపోటు ఇంకా పెరుగుతుంది.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే, వైద్యులకూ ఫిజియోథెరపిస్టులకూ తెలిసినవే. అయినా మా ఇంటికి అవి ఒక మనిషి రూపంలో వచ్చేదాకా మాకు అందలేదు. ఊరి వికలాంగుల సంఘం ద్వారా కబురు తెలిసి ఆయన వచ్చాడు. నాపరాళ్ల గనిలో పనిచేస్తూ బండ మీద పడి నడుము కింద చచ్చుబడినవాడు. మూడు చక్రాల స్కూటరు తానే నడుపుకుంటూ వాకిట్లోకి వచ్చి, వెనుక కట్టుకుని తెచ్చిన మడత కుర్చీని పిల్లలతో దింపించి, రెండు చేతుల మీద ఒళ్లు ఎత్తి అందులోకి జరిగాడు. తెరిచిన తలుపులోంచి మా అన్న చూస్తూనే ఉన్నాడు. దెబ్బ తగిలాక అన్న ఒక మనిషిని అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

"దినానికి నీళ్లెన్ని తాగుతావు అబ్బీ?" అని ఆయన మొట్టమొదట అడిగాడు.

"శానా తక్కువన్నా. ఎక్కువ తాగితే ఆడోళ్లకు పని ఎక్కువైతాది."

"ఆడోళ్లకు పని తగ్గాలంటే నీళ్లు మానేది కాదు, గొట్టం నువ్వే వేసుకునేది నేర్చుకోవాల. నేను శానా ఏండ్లుగా వేసుకుంటాండా."

అన్న ఆ కారణంతో నీళ్లు తగ్గించాడని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏ వైద్యుడూ అడగలేదని కాదు, అడిగినా అన్న చెప్పి ఉండేవాడు కాదు. ఎండలు 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో నీళ్లు తగ్గించుకున్నవారికి మూత్రంలో రాళ్లు రావడానికీ, ఇన్‌ఫెక్షన్ ముదరడానికీ ఎక్కువ కాలం పట్టదు. ఆయన అమ్మనూ వదిననూ బయటికి పంపి తలుపు వేయించి, తన ఒంటి మీదే చూపించాడు. అన్న కింద వేసి ఉన్న, మధ్యలో రంధ్రమున్న గాలి దిండును తీసివేయించాడు, ఎందుకంటే అది పుండు చుట్టూ ఉన్న చర్మాన్ని నొక్కి, ఉన్న రక్తప్రసారాన్ని కూడా ఆపుతుంది. వేడి నూనె మర్దన మాన్పించి, "స్పర్శ లేని కాలు కాలినా తెలీదమ్మా, నా కాలు చూడు" అని అమ్మకు తన పాత మచ్చ చూపించాడు. కాలు మీద వేడి అన్నం గిన్నె పెట్టుకున్నప్పుడు పడిన మచ్చ అది. రోజూ ఒకే వేళకు, పొద్దున కాఫీ తాగిన అరగంటకు, పేగు ఖాళీ చేసుకునే అలవాటు పెట్టాడు. ఏదైనా తిన్నాక, వేడిగా ఏదైనా తాగాక పేగు కదలిక సహజంగా పెరుగుతుంది కాబట్టి ఆ వేళను వాడుకోవాలని వివరించాడు. ఆ అలవాటు కుదిరాక అన్నకు బయటికి వెళ్లడానికి ధైర్యం వచ్చింది. బస్సులోనో పెళ్లిలోనో బట్టలు పాడవుతాయేమోనన్న భయం ఎంతమందిని ఇళ్లలో బంధిస్తుందో, మెట్లు అంతమందిని బంధించవని నేను ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆయన చెప్పినవాటిలో శిక్షణ పొందిన ఒక నర్సు చెప్పలేనివి బహుశా రెండో మూడో ఉంటాయి. కాని అవే మాటలు నిలబడి ఉన్న మనిషి చెప్పినప్పుడు నిబంధనల్లా వినిపిస్తాయి, కుర్చీలో ఉన్న మనిషి చెప్పినప్పుడు బతికే దారిలా వినిపిస్తాయి. దెబ్బ తిన్న మనిషి మొదటి నెలల్లో తనకు తాను వేసుకునే ప్రశ్న ఎప్పటికి నడుస్తాననీ, నడవకపోతే ఎందుకు బతకాలనీ. దానికి మాటలతో జవాబు లేదు. స్కూటరు దిగి కుర్చీలోకి జరిగిన ఒక మనిషే దానికి జవాబు.

ఇది నా ఒక్కదాని అనుభవం నుంచి తీసిన తీర్మానం అని ఎవరైనా అనవచ్చు. ఈ వైద్యం నడిచి వచ్చిన దారి చూస్తే అలా అనిపించదు. జర్మనీ నుంచి ఇంగ్లండుకు శరణార్థిగా వచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ అనే నరాల వైద్యుడు 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము విభాగం తెరిచేనాటికి, ఈ దెబ్బ తిన్న సైనికులు ఎక్కువకాలం బతకరన్నది వైద్యుల సాధారణ అభిప్రాయం. ఆయన రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి పక్క మార్పించాడు, మూత్రాశయాన్ని శ్రద్ధగా చూశాడు, అంతటితో ఆగకుండా వారిని పనిలోనూ ఆటలోనూ పెట్టాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, 16 మంది మాజీ సైనికులు, స్త్రీలూ పురుషులూ, ఆ ఆసుపత్రి ఆవరణలో విలువిద్య పోటీల్లో పాల్గొన్నారు. నేటి పారాలింపిక్స్‌కు మొదలు అదే. మంచం మీది మనిషికి పక్క మంచం మనిషి విల్లు పట్టడం కనిపించేలా చేయడమే ఆ పోటీల్లోని అసలు వైద్యమని నాకు అనిపిస్తుంది.

మన దేశంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఈ పనికి పునాదులు వేసినవారిలో చాలామంది తామే దెబ్బ తిన్నవారు. కడప, చిత్తూరు వైపు వాళ్లు కాట్పాడిలో దిగి వెళ్లే వెల్లూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డారు. ఆ తరువాత చక్రాల కుర్చీలో కూర్చుని, కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు, న్యూయార్కు వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చారు, 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలుకావడానికి కారకులయ్యారు. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. తమిళనాడులోని ఆయికుడిలో ఎస్. రామకృష్ణన్ 1975లో నౌకాదళ అధికారుల ఎంపిక పరీక్షల్లో పడి మెడ నుంచి కిందికి చచ్చుబడ్డ యువకుడు. 1981లో ఆయన మొదలుపెట్టిన అమర్ సేవా సంగం ఇవాళ వందల గ్రామాలకు చేరింది. 1965లో ఎవరెస్టు ఎక్కిన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లువాలియా అదే ఏడు యుద్ధంలో తూటా తగిలి కుర్చీకి చేరి, తరువాత ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్‌ను నిలబెట్టారు. వీరంతా చదువూ హోదా ఉన్నవారు, సంస్థలు కట్టగలిగారు. మా ఇంటికి వచ్చిన గని కార్మికుడికి ఆ అవకాశం లేదు, కాని వారికి ఏ ఎరుక ఉందో ఈయనకూ అదే ఎరుక ఉంది. దాన్ని గుర్తించే ఏర్పాటు ఒక్కటే మనకు లేదు.

ఇల్లు అనే విషయంలో కూడా అనుభవమున్న మనిషి కన్ను వేరుగా పనిచేస్తుంది. చక్రాల కుర్చీకి వాలుబల్ల కట్టాలంటే ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలని ప్రమాణం చెబుతుంది. మన ఊళ్లలో అడుగున్నర ఎత్తు అరుగు మామూలు, అంటే పద్దెనిమిది అడుగుల వాలు కావాలి. వీధి దాటి ఎదురింటి గోడ తగులుతుంది. ఇంజనీరైతే ఇక్కడ పని కాదని ఆగిపోతాడు. మా ఇంటికి వచ్చిన ఆయన మాత్రం అరుగును చేత్తో కొలిచి, అది కుర్చీ పీట ఎత్తుకు ఇంచుమించు సమానంగా ఉందని చెప్పి, అరుగు మీద మెత్త పరిచి, కుర్చీలోంచి అరుగు మీదకూ, అరుగు మీద నుంచి లోపలి కుర్చీలోకీ చేతుల మీద జరగడం నేర్పాడు. లోపల వాడుకోవడానికి ఒక పాత కుర్చీ, వీధికి ఒక కుర్చీ. పసుపు కుంకుమలు పెట్టే గడపను తీయడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఆయన గడప జోలికి పోకుండా రెండు వైపులా చిన్న చెక్క వాలులు పెట్టించాడు. నున్నటి కడప బండ మీద నీళ్లు పడితే చక్రం జారుతుంది కాబట్టి స్నానాల చోట గరుకు బండలు వేయించాడు. పెరట్లోని మరుగుదొడ్డి తలుపు కుర్చీ కంటే సన్నం. పెద్దవారి చక్రాల కుర్చీ సాధారణంగా 24 నుంచి 27 అంగుళాల వెడల్పు ఉంటుంది, చాలా ఇళ్లలో దొడ్డి తలుపు అంత కూడా ఉండదు. గోడ కొట్టి తలుపు వెడల్పు చేసి, నేల పీఠం మీదకు సరిపడేలా మధ్యలో కోసిన, మెత్త కుట్టించిన చక్రాల పీట చేయించాం. మెత్త లేని ప్లాస్టిక్ కుర్చీ కోసి వాడితే అంచు ఒత్తుకుని మళ్లీ పుండు పడుతుందని ఆయన ముందే హెచ్చరించాడు. ఈ మార్పులన్నింటికీ అయిన ఖర్చు, ఒక్క పుండు ముదిరి కండ కోసి అతికించే ఆపరేషన్ దాకా పోతే అయ్యే ఖర్చులో చిన్న భాగం.

ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెడ దగ్గర, వీపు పైభాగంలో దెబ్బ తగిలినవారికి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు తనను తాను చల్లబరచుకోలేదు. కర్నూలు, అనంతపురం వేసవిలో రేకుల ఇంట్లో పడుకోబెట్టిన అటువంటి మనిషికి జ్వరంలా ఒళ్లు కాలుతుంది. దాన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని మాత్రలు వేయడం కంటే ముందు తడిగుడ్డ కప్పి, నీడకు మార్చి, నీళ్లు చిలకరించాలి. ఎండలో నిలిపిన కుర్చీ ఇనుప కడ్డీలు కూడా తెలియకుండా కాలుస్తాయి. చల్లటి దేశాల్లో రాసిన కరపత్రాలను తెలుగులోకి మార్చి పంచితే ఇవి అందులో ఉండవు.

నడక మీది ఆశ గురించి నేను మెల్లగా మాట్లాడాలనుకుంటున్నాను, ఎందుకంటే ఆ ఆశలో ఉన్నవారి బాధ నాకు తెలుసు. వెన్నుపాము పూర్తిగా దెబ్బతిననివారిలో, ముఖ్యంగా మొదటి ఏడాదిలో, కొంత శక్తి తిరిగి రావచ్చు. వ్యాయామం అందుకే అవసరం. పూర్తిగా తెగిపోయిన వెన్నుపామును తిరిగి అతికించే చికిత్స మాత్రం ఇప్పటికి లేదు. అయినా కట్టు వైద్యానికీ, మూలకణాల (స్టెమ్ సెల్స్) పేరుతో లక్షలు అడిగేచోట్లకూ పొలాలు అమ్మి వెళ్లేవారు మన జిల్లాల్లో ఉన్నారు. 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించి అనుమతించిన కొన్ని వ్యాధులు మినహా, పరిశోధనకు బయట మూలకణాలను చికిత్సగా అమ్మడం తగదు. ఈ మాట వైద్యుడు చెబితే ఆశ చంపినట్లుంటుంది. అదే ఆశతో తిరిగి, డబ్బు పోగొట్టుకుని, తరువాత కుర్చీలోనే సంసారం నిలబెట్టుకున్నవాడు చెబితే కుటుంబం వింటుంది. మా అన్న విన్నాడు. బోరు మోటార్లు కాలిపోని ఊరు మన దగ్గర లేదు కాబట్టి కూడేరులో ఒక దుకాణంలో రీవైండింగ్ నేర్చుకున్నాడు. మోటారు ఎత్తి బల్ల మీద పెట్టడానికి ఒక కుర్రవాడు కావాలి, తీగ చుట్టే పని చేతులది, కళ్లది. వెన్నుపాము దెబ్బతిన్న పెద్దవారిలో ప్రపంచవ్యాప్తంగా 60 శాతానికి పైగా పని లేకుండా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నివేదికలో చెప్పింది. మన పల్లెల్లో దుకాణం దాకా వెళ్లే బస్సు మెట్లు, తలుపు, మరుగుదొడ్డి ఆ పని లేకపోవడంలో ఎంత భాగమో ఆలోచించాలి.

ఆడవారి విషయం వేరు. దెబ్బ తిన్న మగవాడికి భార్య, తల్లి సేవ చేస్తారు. దెబ్బ తిన్న ఆడదాన్ని చాలా ఇళ్లలో పుట్టింటికి పంపుతారు. గొట్టం వేసుకోవడం ఆడవారికి అద్దం సాయంతోనో వేలి గుర్తుతోనో నేర్చుకోవలసిన పని, అది మరొక స్త్రీయే నేర్పాలి. బహిష్టు రోజుల్లో చర్మం కాపాడుకోవడం, కాపురం, కానుపు గురించి అడగడానికి ఆమెకు ఎవరూ ఉండరు. ఈ దెబ్బ తరువాత స్త్రీలు గర్భం దాల్చగలరు, బిడ్డల్ని కనగలరు, కాకపోతే పైభాగంలో దెబ్బ ఉన్నవారికి నొప్పుల సమయంలో రక్తపోటు పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి సంగతి తెలిసిన ఆసుపత్రిలో కానుపు జరగాలి. ఈ ఒక్క వాక్యం తెలియక ఎన్ని కాపురాలు చెదిరి ఉంటాయో. అందుచేత నియమించే వారిలో స్త్రీలు తప్పనిసరిగా ఉండాలి, పేరుకు ఒకరిద్దరు కాదు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. ఒకరి దెబ్బ మరొకరిది కాదు. నడుము దెబ్బ ఉన్నవాడు తన చేతి బలంతో చేసేది మెడ దెబ్బ ఉన్నవాడు చేయలేడు. స్వానుభవం ఒక్కటే పెట్టుబడిగా వచ్చినవారు తమకు పనిచేసిన చెడ్డ అలవాటును కూడా నేర్పవచ్చు, పుండు లోతు అంచనా వేయలేక ఆసుపత్రికి పంపడం ఆలస్యం చేయవచ్చు. అందుకే నేను అడుగుతున్నది స్వచ్ఛంద సేవ కాదు, ఉద్యోగం. శిక్షణ ఉండాలి, ఫిజియోథెరపిస్టు, నర్సు పర్యవేక్షణ ఉండాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే వైద్యుడికి అప్పగించాలో రాసి ఉండాలి, మెడ దెబ్బ ఉన్నవారికి మెడ దెబ్బతో బతుకుతున్నవారు అందాలి. జీతం లేని పనికి ఈ బాధ్యతలు పెట్టలేం. ఇప్పుడు ఈ మనుషులు పెట్రోలు డబ్బులు తామే పెట్టుకుని తిరుగుతున్నారు. మంచివారు కాబట్టి తిరుగుతున్నారు, కాని మంచితనం మీద ఒక జిల్లా వైద్య వ్యవస్థ నడవకూడదు.

చట్టం మన పక్షాన ఉంది. భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 19వ అధికరణం, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 5వ సెక్షన్, ప్రతి వికలాంగునికీ సమాజంలో కలిసి బతికే హక్కు ఉందని, అందుకు కావలసిన సహాయకుల సేవలు సైతం అందాలని చెబుతున్నాయి. పింఛను విషయంలో మన రాష్ట్రం నిజంగా ముందుంది. 2024లో వికలాంగుల పింఛను 6,000 రూపాయలకు, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత, ప్రమాద బాధితుల పింఛను 15,000 రూపాయలకు పెరిగింది. ఈ డబ్బు ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో నేను కళ్లారా చూశాను. అయితే మంచాన్నీ కుర్చీనీ ఒకే గాటన కట్టిన ఈ నిర్వచనంలో ఒక చిక్కు ఉంది. 2025లో ఈ పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు, స్కూటరు మీద తిరుగుతున్నట్లు, దుకాణంలో కూర్చున్నట్లు ఎవరైనా చూస్తే పింఛను పోతుందేమోనని భయపడినవారిని నేను ఎరుగుదును. బయటికి వచ్చినందుకు శిక్ష పడుతుందన్న భయం మనిషిని లోపలే ఉంచుతుంది. ఈ పింఛను దెబ్బ వల్ల జీవితాంతం మోయవలసిన అదనపు ఖర్చుకు, అంటే గొట్టాలకు, మెత్తకు, సహాయకునికి ఇచ్చేదని, సంపాదన మొదలైనంత మాత్రాన పోదని ప్రభుత్వం రాతపూర్వకంగా స్పష్టం చేయాలి.

ఈ పింఛను నా ప్రతిపాదనకు ఒక దారి కూడా చూపుతోంది. ప్రతి నెలా 1వ తేదీన సచివాలయ సిబ్బంది ఈ ఇళ్లకు వెళ్లి డబ్బు చేతికిస్తున్నారు. అంటే వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఏ ఊళ్లో, ఏ వీధిలో ఉన్నాడో ప్రభుత్వానికి ఇప్పటికే తెలుసు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికి వచ్చినప్పుడు దెబ్బ ఏ స్థాయిలో తగిలిందో కూడా వైద్యులు చూసి ఉంటారు. ఆ జాబితాను అనంతపురం, కర్నూలు, కడప పెద్దాసుపత్రులకు అనుసంధానించి, కొత్తగా దెబ్బ తిన్నవారిని వార్డులో ఉండగానే ఒకసారి, ఇంటికి చేరిన మొదటి వారంలో మరొకసారి, ఆపైన మొదటి ఏడాదంతా నెలనెలా చూడటానికి మనుషులను పంపవచ్చు. 1969 నుంచి అనంతపురం జిల్లాలో పనిచేస్తున్న ఆర్.డి.టి. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వంటి సంస్థల వికలాంగుల సంఘాలు ఊరూరా ఉన్నాయి, శిక్షణకు వెల్లూరు ఒక రాత్రి ప్రయాణం. కుర్చీలో ఏళ్లు గడిపి, పుండు పడకుండా ఒళ్లు కాపాడుకుంటూ, సంసారం నడుపుతూ, అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్న స్త్రీ పురుషులు మన మధ్యే ఉన్నారు. వారికి కావలసింది నెల జీతం, బండికి పెట్రోలు ఖర్చు, ఆసుపత్రి వార్డులోకి ఎవరినీ బతిమాలకుండా వెళ్లడానికి ఒక గుర్తింపు కార్డు.